గూడ్స్ లైన్ మీద లోకల్ రైలు అడిగే ముందు ఏం లెక్కపెట్టాలి

కాలనీ వెనకాలే పట్టాలున్నాయి కదా, ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు) వేయండి అని వినతిపత్రం రాసే ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని పట్టాలు కనిపించే బ్రిడ్జి మీద నిలబడండి. వెళ్లిన ప్రతి బండికీ టైం, ఏ వైపు పోయింది, దాటడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఇవి రాసుకోండి. ఒక పొద్దున సుచిత్ర వైపు నేనిలాగే నిలబడితే బొగ్గు బండి ఒకటి సిగ్నల్ కోసం ఆగింది, వ్యాగన్లు లెక్కపెడితే 58. అది కదిలి గార్డు డబ్బా నన్ను దాటేసరికి చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఆ బండి వెనక మీ లోకల్ ఉందనుకోండి, ఆఫీసుకు లేటే.

సింగిల్ లైన్ అయితే రోజుకు ఎన్ని బండ్లు పడతాయో లెక్కగట్టడానికి రైల్వేవాళ్లు వాడే స్కాట్ ఫార్ములా ఉంది. రెండు స్టేషన్ల మధ్య బాగా ఆలస్యమయ్యే ముక్క చూసుకుని, అక్కడ గూడ్స్‌కు 20 నిమిషాలు, లైన్ క్లియర్‌కు (తర్వాతి బండిని వదలడానికి పక్క స్టేషన్ అనుమతికి) 5 అనుకుంటే, రోజులోని 1440 నిమిషాలను 25తో భాగించి అందులో 70 శాతం తీసుకోవాలి. రెండు వైపులా కలిపి 40 బండ్లు. ఇప్పటికే 30 తిరుగుతుంటే మిగిలింది పదే, అవి కూడా పొద్దున 7 నుంచి 10 మధ్య దొరకాలి! డబుల్ లైన్‌కు ఏ వైపు లెక్క ఆ వైపే, ఆటోమేటిక్ సిగ్నళ్లుంటే ఇంకొన్ని పడతాయి.

అసలు చిక్కంతా లైన్ మధ్యలో కాదు, మెయిన్ లైన్‌లో కలిసేచోట. గూడ్స్ ఎదుటి లైన్‌ను అడ్డంగా దాటాల్సి వస్తే రెండు వైపులా బండ్లు ఆగుతాయి. అందుకే జంక్షన్ మ్యాప్ ముందేసుకుని, గూడ్స్‌ను పక్కకు పెట్టే లూప్ లైన్ ఎక్కడుందో, అందులో పూర్తి బండి పడుతుందో లేదో చూడండి. పగలు పది దాటాక, రాత్రిపూట గూడ్స్‌కు దారి వదిలితే రైల్వేవాళ్లతో మాట్లాడటం తేలికవుతుంది, ట్రాక్ పనికి కూడా రోజూ రెండు మూడు గంటలు వదలాలి.

మౌలాలి–సనత్‌నగర్ లైన్ చూడండి. గూడ్స్ దారి, సికింద్రాబాద్ తాకకుండా పోతుంది. ఎంఎంటీఎస్ రెండో దశలో దాన్ని డబుల్ చేసి, 2024 మార్చిలో ఘట్‌కేసర్–లింగంపల్లి బండి మొదలుపెట్టారు. మధ్యలో రక్షణ శాఖ భూమి దగ్గర పని ఏళ్లు ఆగింది, రెండో దశ ఖర్చులో మూడింట రెండొంతులు రాష్ట్రానిది. కాబట్టి భూమి ఎవరిదో ముందే కనుక్కోండి, కాగితం రాష్ట్ర ప్రభుత్వానికి కూడా పంపండి.

స్టేషన్ అడిగేటప్పుడు బస్‌స్టాప్‌కు నడిచే దూరంలో అడగండి. రద్దీ టైంలో అరగంటకో బండి తప్పనిసరని రాయండి, రోజుకు రెండు ట్రిప్పులకు ఒప్పుకోకండి, అవి ఖాళీగా తిరుగుతాయి, ఆ ఖాళీ సీట్లే చూపించి తర్వాత రద్దు చేస్తారు.