గృహ సందర్శన నేర్చుకుందాం – 3వ పాఠం: బాకీ ఏది, సాయం ఏది?

ఇద్దరేసి చొప్పున పేదల ఇంటికి వెళ్లి, ముందు వినడం, అడగనిదే సలహా చెప్పకపోవడం గత పాఠంలో అభ్యసించాము. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనాం, ఆయన మిత్రులు నెలకొల్పిన, పేదలకు సాయపడే కతోలిక సంఘమైన విన్సెంట్ డి పాల్ సభకు మొదటి నుంచీ ఇదే ముఖ్యమైన పని. బెల్జియంకు చెందిన కతోలిక గురువు (ఫాదర్) జోసెఫ్ కార్డైన్ యువ కార్మికులకు నేర్పిన చూడటం, తూచటం, చేయటం అనే మూడు మెట్లలో ఇలా వెళ్లి వినడం మొదటిది. 23వ జాన్ పోపుగారు 1961 నాటి విశ్వలేఖలో (పోపు సంఘమంతటికీ రాసే లేఖలో) ఈ పద్ధతినే సిఫారసు చేశారు. మన సందర్శకులు తరచు దాటవేసేది రెండవ మెట్టును. ఖాళీ డబ్బా కంటబడగానే బియ్యం కోసం పరుగెత్తుతారు.

కందుకూరు వైపు ఒక పల్లెలో, పొగాకు గ్రేడింగుకు పోయే ఒక తల్లి ఇంట్లో బియ్యం నిండుకున్నాయనుకుందాం. “కూలి డబ్బులు ముట్టినాయా అక్కా?” అని అడగండి. “మూడు వారాలది మేస్త్రీ దగ్గరే ఉందమ్మా, సీజను అయినాక ఒకేసారి ఇస్తానన్నాడు” అని ఆమె చెబితే, మీ ముందున్నది ఆకలి మాత్రమే కాదు, తీరని బాకీ కూడా.

కూలివాని జీతాన్ని పొద్దుగూకక మునుపే ఇవ్వాలని బైబిలులోని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. పొలం కోసినవారికి ఎగవేసిన కూలి మొరపెడుతుందని యాకోబు లేఖ 5వ అధ్యాయం చెబుతుంది. 1891 మే 15న వెలువరించిన విశ్వలేఖలో 13వ లియో పోపుగారు ఆ వాక్యాన్నే ఉదహరించి, కూలి ఎగవేయడం ఘోరమైన నేరమన్నారు. అయితే ఈ పాఠానికి ఆయువుపట్టు 1965లో కతోలిక బిషపుల రెండవ వాటికన్ మహాసభ లౌకికుల (గురువులు కాని సామాన్య విశ్వాసుల) సేవపై వెలువరించిన డిక్రీలోని 8వ పేరా: న్యాయంగా చెల్లించవలసినదాన్ని ప్రేమతో ఇచ్చే దానంగా చూపరాదని, బాధకు ఫలితాన్నే కాక కారణాన్ని కూడా తొలగించాలని అది కోరుతుంది.

కనుక నోటుపుస్తకంలో పేజీకి నడుమ ఒక గీత గీయండి. ఆగిన కూలి, అర్హత ఉండీ అందని రేషను, పింఛను ఎడమవైపు బాకీలుగా, జ్వరానికి మందులు, ఈ పూట బియ్యం కుడివైపు సాయంగా రాయండి. కుడివైపుది ఆ రోజే చేయాలి, ఎందుకంటే తూచే పని ముగిసేదాకా ఆకలి ఆగదు. కానీ బియ్యం ఇచ్చామని ఎడమవైపుది కొట్టివేయకూడదు. మొదటి ఏళ్లలో నేను చేసిన తప్పు అదే: నా పుస్తకంలో కుడివైపు తప్ప మరేమీ ఉండేది కాదు. తరువాత ఒక కుటుంబం కూలిని ఆపినవాడూ, మన పండుగకు పెద్ద చందా రాసినవాడూ ఒకరేనని తెలిసి, ఆ చందాను ఏ వైపు రాయాలో తోచక చాలాసేపు కూర్చున్నాను.

మేస్త్రీకి కూడా పైవారి నుంచి డబ్బు రాలేదేమో విచారించండి. బాకీ ఒక మెట్టు పైకి జరగవచ్చు. ఆ తల్లి ఒప్పుకోకుండా మాత్రం మేస్త్రీ దగ్గరకు వెళ్లవద్దు, వచ్చే సీజనుకు పని పోగొట్టుకునేది మీరు కాదు, ఆమె.

అభ్యాసం: మీరు కిందటి నెలలో వెళ్లిన మూడు ఇళ్ల వివరాలను ఈ గీతకు అటూ ఇటూ మళ్లీ రాయండి. ఎడమవైపు ఖాళీగా ఉన్న ఇంటికి మరొకసారి వెళ్లి, కూలి సంగతి అడిగి రండి. ఆ పుస్తకంతోనే 4వ పాఠంలో మూడవ మెట్టు ఎక్కుదాం.