ఆగిపోయిన బండికి ముందే కిక్ కొట్టకండి

సంక్రాంతికో, గల్ఫ్ నుంచి సెలవు దొరికినప్పుడో ఊరు చేరతాం. వసారాలో కవరు కప్పిన పాత బండి కనబడుతుంది. దుమ్ము దులిపీ దులపకముందే కిక్ రాడ్ మీద కాలు పడుతుంది. అక్కడే ఆగాలి. ఆరు నెలలు దాటి కదలని బండికి మొదట చేయాల్సింది ట్యాంకులోని పాత పెట్రోల్ తీసేయడం.

ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. పెట్రోల్ ట్యాప్ ఉండేదీ అడుగునే కాబట్టి, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బొరేటర్‌కి ముందు చేరేది ఆ నీళ్లే. పైగా పెట్రోల్లో తేలిగ్గా అంటుకునే భాగం ఆవిరైపోయి, మిగిలింది జిగురై కార్బొరేటర్‌లో పెట్రోల్ చిమ్మే సన్నటి జెట్ రంధ్రాన్ని మూసేస్తుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకయితే ఒక్క వానాకాలానికే లోపల తుప్పు పట్టొచ్చు. మీరు కొట్టే ప్రతి కిక్కూ ఆ చెత్తనంతా కార్బొరేటర్‌లోకి లాగుతుంది.

పెట్రోల్ తీయడం ఆరుబయటే, పగటిపూటే. సున్నాకి దిగువన 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోల్ ఆవిరి అంటుకోగలదు, ఇక మన ఎండల సంగతి చెప్పేదేముంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకి పక్కగదిలోని దేవుడి దీపం దాకా, దోమల చుట్ట దాకా వెళ్లగలదు. కాబట్టి ముందు బ్యాటరీ మైనస్ వైరు ఊడదీయండి. ఇనుప డబ్బాను నేలమీదే పెట్టి పట్టండి. పక్కన బకెట్ ఇసుక ఉంచుకోండి. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే మంట ఇంకా పరుచుకుంటుంది. పైపుతో నోటితో లాగే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రి పాలే. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

మొదట వచ్చిన పెట్రోల్‌ని గాజు సీసాలో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర గీత కనిపిస్తే నీరు చేరినట్టే. ఎర్రటి పొడి దిగితే ట్యాంకులో తుప్పు. ఘాటు పోయి వార్నిష్ వాసన వస్తే ఆ పెట్రోల్ మీద ఆశ వదులుకోండి. దాన్ని కాలవలోనో బావి పక్కనో పారబోయకుండా తెలిసిన మెకానిక్‌కి అప్పగించండి.

కార్బొరేటర్ కింది బౌల్‌కి చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, దాన్ని వదులు చేసి అందులో మిగిలిందీ కార్చేయండి. జెట్‌ని పిన్నీసుతో గుచ్చితే రంధ్రం పెద్దదై మైలేజీ పోతుంది. కార్బొరేటర్ క్లీనర్ కొట్టండి, అదీ కళ్లద్దాలు పెట్టుకునే.

చాలామంది చూడనిది ఇంజిన్ ఆయిల్. బౌల్ నిండగానే పెట్రోల్‌ని ఆపాల్సిన నీడిల్ ఇరుక్కుంటే పెట్రోల్ మెల్లగా ఇంజిన్‌లోకి దిగుతుంది. ఆయిల్ మట్టం పెరిగినా, పెట్రోల్ వాసన వచ్చినా మార్చకుండా స్టార్ట్ చేయొద్దు. పలచబడ్డ ఆయిల్‌తో ఇంజిన్ పట్టేయవచ్చు. ఎయిర్ ఫిల్టర్‌లో ఎలుక గూడు, సైలెన్సర్ మూతిలో కందిరీగల మట్టి, కొరికిన వైర్లు కూడా ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు ఒకటి రెండు లీటర్ల కొత్త పెట్రోల్ చాలు. ట్యాప్ తిప్పి రెండు నిమిషాలు ఆగి బండి కింద చూడండి. చుక్కలు పడుతుంటే ట్యాప్ కట్టేయండి, నీడిల్ సరిగా కూర్చోలేదు. పడకపోతే తాళం చెవి ఆఫ్‌లోనే ఉంచి కొన్ని కిక్కులు కొట్టండి, ఆయిల్ కదులుతుంది. ఆ తర్వాతే బ్యాటరీ వైరు తగిలించి, చోక్ వేసి స్టార్ట్ చేయండి. అంటుకోవట్లేదని కార్బొరేటర్ మూతిలోనో ప్లగ్ రంధ్రంలోనో పెట్రోల్ పోసేవాళ్లుంటారు. ఇంజిన్ వెనక్కి ఎగదన్నితే ముఖం కాలుతుంది. కాస్త నడిచి ఆగిపోతుంటే ట్యాంకు మూత తెరవండి. గాలి 'సుయ్' మని లోపలికి పోయి, బండి మళ్లీ నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండ్లు చాలావరకు కార్బొరేటర్ లేని ఇంజెక్షన్‌వి. వాటికి పంపు ట్యాంకులోనే ఉంటుంది, పైపుల్లో పెట్రోల్ ఒత్తిడి మీద ఉంటుంది. పైపులు ఊడదీయొద్దు, సెల్ఫ్ అదేపనిగా నొక్కొద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలవండి, లేదా ట్రాలీ ఆటోలో ఎక్కించి పంపండి.

బండి బతికాక ఇంజిన్ ఆన్‌లో ఉంచి వరండాలో వదిలేయొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు. రోడ్డెక్కే ముందు బ్రేకులు, టైర్ల గాలి, ఇన్సూరెన్స్ తేదీ చూసుకోండి. బండి నిలబడి ఉన్నన్నాళ్లలో ఆ ఇన్సూరెన్స్ గడువు తీరిపోయి ఉండొచ్చు.