గేటు పుస్తకాన్ని లో-కోడ్ యాప్‌లోకి ఎక్కించడం ఎలా?

లో-కోడ్ అంటే ప్రోగ్రామింగ్ పెద్దగా రాయకుండానే యాప్ కట్టుకునే పద్ధతి. దీంతో సంస్థకు వచ్చే అసలు లాభం ప్రోగ్రామర్ ఖర్చు మిగలడం కాదు, రిజిస్టర్ రాసే మనిషే ఫారం మార్చుకోగలగడం. ‘చలానా ఫొటో కూడా ఉండాలి’ అని మేనేజరు అంటే కొటేషన్ల కోసం వారాలు ఆగక్కర్లేదు. మధ్యాహ్నంలోపు ఆ కాలమ్ వచ్చేస్తుంది.

ఆఫీసు మొత్తాన్ని ఒకేసారి ఎక్కించకండి. రోజూ తగువు తెచ్చే ఒక్క రిజిస్టర్ పట్టుకోండి. గాజువాక ఆటోనగర్‌లో గోడౌన్ ఉన్నవాళ్లకు గేటు పుస్తకం మంచి మొదలు: లారీ నంబరు, చలానా, ఈ-వే బిల్లు, లోడుతో బండి బరువు, ఖాళీ బండి బరువు, వచ్చిన టైము, వెళ్లిన టైము.

ఈ ఏడింటినీ గూగుల్ షీట్‌లో కాలమ్‌లుగా పెట్టి, ముందు ‘ఐడీ’ కాలమ్ చేర్చి గూగుల్ లో-కోడ్ సాధనమైన యాప్‌షీట్‌కు కలపండి. ఐడీకి యునీక్‌ఐడీ ఫార్ములా (ప్రతి ఎంట్రీకీ వేరే కోడ్ వేసేది) ఇచ్చి దాన్నే కీ, అంటే ఒక్కో వరుసను గుర్తుపట్టే కాలమ్, చేయండి. లారీ నంబరును కీ చేస్తే అదే బండి రెండో ట్రిప్పుకు రాగానే యాప్ మొరాయిస్తుంది.

నంబరు దగ్గరే ఇంకో చిక్కు. పగటి గుమాస్తా ‘ఏపీ 31’ అని మధ్యలో ఖాళీ వదులుతాడు, రాత్రివాడు కలిపి కొడతాడు. నెలాఖరు లెక్కలో ఒకే లారీ రెండైపోతుంది. ఖాళీ ఉంటే సేవ్ కాకుండా వ్యాలిడ్-ఇఫ్ షరతు పెట్టండి. ఈ-వే బిల్లు కాలమ్‌ను టెక్స్ట్‌గా ఉంచి, 12 అంకెలు తప్పనిసరి చేయండి. నికర బరువు చేత్తో కొట్టించొద్దు, తీసివేత ఫార్ములాకే వదలండి. షీట్ లొకేల్ (ఏ దేశం పద్ధతో చెప్పే సెట్టింగ్) ఇండియాకు మార్చకపోతే 3/4 అని రాసిన ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయి కూర్చుంటుంది.

రేకుల షెడ్డులో సిగ్నల్ అందకపోవచ్చు కాబట్టి ఆఫ్‌లైన్ ఆప్షన్ ఆన్ చేయండి. సింక్ (ఫోన్‌లోని ఎంట్రీలను షీట్‌కు పంపే) గుర్తు మీద అంకె కనిపిస్తోందంటే ఆ ఎంట్రీలు ఇంకా ఫోన్‌లోనే ఉన్నట్టు. షిఫ్టు దిగేముందు సింక్ కొట్టించండి.

యాప్‌షీట్ బదులు మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్ వాడేవాళ్లు పసుపు త్రికోణం హెచ్చరికను కొట్టిపారేయకండి. డెలిగేట్ కాని, అంటే వెతికే పనిని డేటా ఉన్నచోటికే అప్పగించలేని, ఫిల్టరు మొదటి 500 వరుసల్లోనే వెతుకుతుంది, సెట్టింగ్ పెంచినా 2000 దాటదు. పుస్తకం చిన్నగా ఉన్నన్నాళ్లూ తేడా తెలియదు. ఆ తర్వాత కళ్లముందు ఎంట్రీ ఉన్నా ‘లేదు’ అంటుంది.

యాప్‌ను ఎవరి సొంత జీమెయిల్‌తోనూ కట్టకండి. ఆ మనిషి మానేస్తే తాళంచెవి కూడా వెళ్లిపోతుంది. యాప్‌షీట్‌ను పదిమంది వరకు ఉచితంగా పరీక్షించుకోవచ్చు. అసలు వాడకం మొదలయ్యాక మనిషికి నెలకింత అని లైసెన్సు పడుతుంది. అది మిగుల్చుదామని గేటు మొత్తానికి ఒకే లాగిన్ ఇస్తే ఏ ఎంట్రీ ఎవరు కొట్టారో తేలదు. జీతాలు, జీఎస్టీ లెక్కలు మాత్రం ట్యాలీలోనే ఉండనివ్వండి.

రెండు వారాలు కాగితం, యాప్ రెండూ నడపండి. రోజూ సాయంత్రం వరుసల సంఖ్య సరిచూడండి. తేడా వస్తే ముందు రాత్రి షిఫ్టు ఫోన్‌లో సింక్ కాని ఎంట్రీలున్నాయేమో చూడండి.