కొత్త బోర్డుపై లినక్స్ బూట్ విధానాన్ని రాసిపెట్టడం ఎలా

నల్లగొండలో తయారైన బోరు మోటారు కంట్రోలర్ దేవరకొండ దగ్గరి పొలంలో మొరాయిస్తే, దాన్ని విప్పి చూసేది తయారుచేసినవారే కానక్కరలేదు. ఇలాంటి కంట్రోలర్‌లో ఉండే చిన్న కంప్యూటర్ బోర్డును లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిపిస్తుంది; కరెంటు ఇవ్వగానే అది మొదలవడాన్నే బూట్ అంటారు. అందువల్ల కొత్త బోర్డుపై లినక్స్‌ను బూట్ చేసిన రోజునే, ఆ బోర్డును ఎన్నడూ చూడనివారి కోసం ఆ విధానాన్ని రాసిపెట్టాలి. బీగిల్‌బోన్ బ్లాక్ అనే బోర్డును ఉదాహరణగా తీసుకుందాం.

మొదట బోర్డు పేరును, రివిజన్‌ను (ఏ విడత డిజైన్ అన్నది), ఎస్‌డీ కార్డుపై రాసే లినక్స్ ఇమేజ్ ఫైలు పూర్తి పేరును, ఆ ఫైలు చెడిపోలేదని సరిచూసుకునే చెక్‌సమ్ అనే గుర్తింపు కోడ్‌ను నమోదు చేయాలి. ‘తాజా ఇమేజ్’ అని రాస్తే ఆరు నెలల తర్వాత అది ఎందుకూ కొరగాదు.

బోర్డును మన కంప్యూటర్‌కు కలిపే సీరియల్ కేబుల్ గురించి మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే తెర లేని బోర్డు ఏం చేస్తున్నదీ తెలిసేది ఆ తీగల ద్వారానే. కేబుల్ సిగ్నల్ 3.3 వోల్టులే ఉండాలని, 5 వోల్టులైతే బోర్డు పాడయ్యే ప్రమాదం ఉందని, గ్రౌండ్‌ను గ్రౌండ్‌కు, ఒకవైపు టీఎక్స్‌ను (పంపే తీగ) మరోవైపు ఆర్‌ఎక్స్‌కు (అందుకునే తీగ) కలపాలని, వేగం సెకనుకు 115200 బిట్లు అని స్పష్టంగా చెప్పాలి.

ఎస్‌డీ కార్డు నుంచి బూట్ కావాలంటే ఎస్2 బటన్‌ను నొక్కి పట్టుకొని కరెంటు ఇవ్వాలి. ఎక్కడి నుంచి బూట్ కావాలో చెప్పే బూట్ పిన్నులను ప్రాసెసర్ కరెంటు వచ్చినప్పుడే చదువుకుంటుంది కాబట్టి, రీసెట్ బటన్‌తో ఈ పని జరగదు. ఇటువంటి కారణాన్ని తప్పక రాయాలి. కారణం తెలియనివారు ఆ అడుగును అనవసరమనుకొని వదిలేస్తారు.

అన్నిటికన్నా విలువైన భాగం, ఏ దశలో మన కంప్యూటర్ తెరపై ఏం కనిపించాలన్నది. ప్రాసెసర్‌లోని రోమ్ (అందులో ముందే రాసి ఉన్న ప్రోగ్రాం) ఎంఎల్‌ఓ అనే చిన్న ఫైలును, అది యూ-బూట్ అనే బూట్ ప్రోగ్రాంను, యూ-బూట్ లినక్స్ ముఖ్యభాగమైన కెర్నల్‌ను, బోర్డులోని భాగాలను వివరించే డివైస్ ట్రీ ఫైలును వరుసగా మెమరీలోకి తెస్తాయి. ‘సీ’ అక్షరమే మళ్లీ మళ్లీ పడుతుంటే రోమ్‌కు బూట్ చేయదగిన ఫైలు దొరకలేదని అర్థం. ‘స్టార్టింగ్ కెర్నల్’ అన్న తర్వాత ఏమీ రాకపోతే బూట్ ఆర్గ్యుమెంట్లలోని (కెర్నల్‌కు యూ-బూట్ ఇచ్చే సూచనలు) కన్సోల్ పేరును, అంటే సందేశాలు పంపే పోర్టు పేరును, డివైస్ ట్రీ ఫైలును సరిచూడాలి. ఆ ఆర్గ్యుమెంట్లలో ‘ఎర్లీకాన్’ అనే పదాన్ని చేర్చితే కెర్నల్ తొలి సందేశాలు సాధారణంగా బయటపడతాయి. సరిగ్గా బూట్ అయినప్పటి సందేశాల లాగ్‌ను ఫోటోగా కాక, వెతకడానికి వీలుగా టెక్స్ట్ ఫైలుగా జతచేయాలి.

ఎస్‌డీ కార్డుపై ఇమేజ్‌ను రాస్తుండగా కరెంటు పోతే అది సగంలోనే ఆగిపోతుంది, మన ఊళ్లలో ఇది కొత్తేమీ కాదు. అలాంటప్పుడు మొదటి నుంచి మళ్లీ రాయాలని కూడా చెప్పాలి.

చివరగా రాసినదాన్ని, బోర్డును మరొకరి చేతికిచ్చి పక్కన మౌనంగా కూర్చోవాలి. వారు తలెత్తి ప్రశ్న అడిగిన ప్రతిచోటా వాక్యాన్ని తిరగరాసి, మార్పు తేదీని పైభాగంలో వేయాలి.