చిన్న నగరంలో స్వాభిమాన యాత్ర: అనుమతి కాగితం నుంచి ఆఖరి బస్సు దాకా

హైదరాబాదులో క్వీర్ (గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ తదితరుల) స్వాభిమాన యాత్ర 2013లో మొదలైంది. నెక్లెస్ రోడ్డు మీద జెండా పట్టుకొని నడిచినవారిలో చాలామంది ఆ సాయంత్రమే మహానగరపు జనంలో కలిసిపోగలరు. రాజమహేంద్రవరంలోనో, ఖమ్మంలోనో, ఒంగోలులోనో అదే నడక నడిచేవారికి ఆ వెసులుబాటు లేదు. మెయిన్ రోడ్డు పక్కన దుకాణంలో కూర్చున్నాయన నాన్నగారికి స్నేహితుడై ఉంటాడు, బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ పక్క వీధివాడై ఉంటాడు, ఫోనులో వీడియో తీస్తున్న కుర్రాడు తమ్ముడితో చదువుకున్నవాడై ఉంటాడు. అందుకే చిన్న నగరంలో యాత్రనూ, దాని వెంట సాయంత్రం జరిపే సముదాయ ఉత్సవాన్నీ తలపెట్టేవారు రాళ్ల గురించీ లాఠీల గురించీ ఎంత ఆలోచిస్తారో, నడిచేవారిని ఎవరు గుర్తుపడతారన్నదాని గురించి అంతకంటే ఎక్కువ ఆలోచించాలి. ఇక్కడ హాని చాలావరకు నడిచే రెండు గంటల్లో కాక, ఆ తరువాతి రెండు వారాల్లో ఇళ్లలో జరుగుతుంది.

మొదట తేదీ సంగతి. 1969 జూన్ 28న న్యూయార్కులోని స్టోన్‌వాల్ అనే గే బార్ వద్ద పోలీసుల మీద జరిగిన తిరుగుబాటును తలచుకొంటూ చాలా దేశాల్లో జూన్‌లో యాత్రలు జరుపుతారు. మన దగ్గర జూన్ మొదట్లో వడగాలి తగ్గదు, చివర్లో వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు అనువైన కాలం. అందులోనూ సంక్రాంతి వారాన్ని వదిలేయడం మంచిది, ఎందుకంటే బయటి ఊళ్లలో ఉన్న బంధువులంతా ఆ వారమే ఊళ్లో ఉంటారు. వేరే నెలల్లో పెట్టుకొనేవారు వినాయక నిమజ్జనం, బోనాలు, మొహర్రం ఊరేగింపుల రోజులకు దగ్గరగా పోకూడదు. ఆ రోజుల్లో పోలీసులు మనకు పదిమందిని కూడా కేటాయించలేరు, పైగా రెండు ఊరేగింపులు ఒకే కూడలిలో ఎదురుపడితే సర్దిచెప్పడం ఎవరి తరమూ కాదు. ఎన్నికల నియమావళి అమలులో ఉంటే అనుమతి మరింత కష్టమవుతుంది కాబట్టి స్థానిక ఎన్నికల ప్రకటన వచ్చేలా ఉందేమో ముందే కనుక్కోవాలి. సాయంత్రం నాలుగింటికి బయలుదేరి, చీకటి పడకముందే ముగిసేలా దూరాన్ని నిర్ణయించుకోవాలి. ఒకటిన్నర కిలోమీటరు చాలు.

అనుమతి విషయంలో నోటిమాటను నమ్ముకోరాదు. విజయవాడ, విశాఖపట్నం, వరంగల్, కరీంనగర్, ఖమ్మం వంటి చోట్ల పోలీస్ కమిషనరేట్లు ఉన్నాయి. మిగిలిన నగరాల్లో డీఎస్పీ కార్యాలయానికి దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఊరేగింపులను నియంత్రించే అధికారం పోలీసులకు 1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షన్ కింద ఉంది. పత్రికల్లో తరచూ కనిపించే ‘30 యాక్ట్ అమలు’ అన్న వార్త దాని గురించే. 2024 జూలై 1 నుంచి, జనం గుమికూడడాన్ని నిషేధించే 144వ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ వచ్చింది. అది అమలులో ఉందో లేదో యాత్రకు ముందురోజు కూడా అడిగి తెలుసుకోవాలి. దరఖాస్తులో మార్గం, సమయం, సుమారు ఎంతమంది, ఎన్ని వాహనాలు, మైకు ఉందా లేదా అన్నవన్నీ స్పష్టంగా రాయాలి.

కొందరు అనుమతి సులువుగా వస్తుందని ‘ఎయిడ్స్ అవగాహన ర్యాలీ’ అని రాస్తారు. ఇది తెలివైన పనిలా కనిపిస్తుంది గాని, నిజానికి ప్రమాదకరం. రోడ్డు మీద గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ హక్కుల ప్లకార్డులు కనబడగానే, చెప్పింది ఒకటి చేస్తున్నది ఒకటి అన్న కారణంతో సీఐ అక్కడికక్కడే ఆపేయవచ్చు, అప్పుడు మన చేతిలో ఉన్న కాగితం మనకే అడ్డం తిరుగుతుంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇష్టపూర్వక స్వలింగ సంబంధాలు నేరం కావని తీర్పు చెప్పింది. ఆ తరువాత పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌కు సమానమైన సెక్షన్ అసలే లేదు. దాచిపెట్టి అడగవలసిన పని కాదిది. ఉన్నది ఉన్నట్టు రాసి, నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా అడగాలి. ఆ కాగితంతో హైకోర్టులో రిట్ వేయడానికి వ్యవధి ఉండాలంటే కనీసం నెల రోజుల ముందు దరఖాస్తు చేరాలి.

జనసమ్మర్దం గురించి మన నిర్వాహకులు తక్కువగా ఆలోచిస్తారు, వచ్చేదే రెండు మూడు వందల మంది కదా అనుకుంటారు. 2022 డిసెంబరు 28న కందుకూరులో రాజకీయ సభ వద్ద ఎనిమిది మంది, నాలుగు రోజులకే 2023 జనవరి 1న గుంటూరులో కానుకల పంపిణీ వద్ద ముగ్గురు చనిపోయారు. ఆ వెంటనే రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబరు 1 ఇచ్చింది, దానిని మే నెలలో హైకోర్టు కొట్టివేసింది. న్యాయపరంగా ఆ కట్టడి పోయింది, కానీ ఆ రెండు ఘటనలు చూపిన ప్రమాదం పోలేదు. ఇరుకు రోడ్డులో పక్కన కాలువ ఉన్నా, ఏదైనా ఉచితంగా పంచుతున్నా జనం ఒక్క చోటికి తోసుకొస్తారు. మన ఉత్సవాల్లోనూ టీషర్టులు, జెండాలు, బిర్యానీ పొట్లాలు పంచే అలవాటుంది. పంచదలచుకొంటే ఒకే బల్ల దగ్గర కాక మైదానంలో నాలుగు చోట్ల పంచాలి, లేదా కూర్చున్నవారి చేతికే అందించాలి. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న ఫంక్షన్ హాలు అంటే దాదాపు 167 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు ఇద్దరి చొప్పున లెక్కిస్తే 330 మందికి సరిపోతుంది, వేదికా బల్లలూ తీసేస్తే ఇంకా తగ్గుతుంది. చదరపు మీటరుకు నలుగురు దాటితే తోపులాట ప్రమాదం పెరుగుతూ పోతుంది. టెంట్ హౌస్ వారు షామియానా వేసేటప్పుడు రెండో దారిని గుడ్డతో మూసేస్తుంటారు, ఆ పని జరగకుండా ఒక మనిషిని అక్కడే నిలబెట్టాలి. లౌడ్‌స్పీకర్లను రాత్రి పది గంటలకు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆసుపత్రికీ, పాఠశాలకీ, కోర్టుకీ వంద మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం ఉండవచ్చు. మనమంటే గిట్టనివాళ్లు మొదట పట్టుకొనే ఫిర్యాదు మైకు గురించే, కాబట్టి తొమ్మిదికే ఆపేయడం మేలు.

ఎదురు తిరిగేవారి గురించి రెండు విదేశీ చిన్న నగరాల అనుభవం పనికొస్తుంది. పోలండులో దాదాపు మూడు లక్షల జనాభా ఉన్న బియావిస్తోక్‌లో 2019 జూలై 20న మొదటి సమానత్వ యాత్ర జరిగింది. నడిచినవారు వెయ్యి మంది వరకు ఉంటే, అడ్డుకోవడానికి వచ్చినవారు అంతకు కొన్ని రెట్లు ఉన్నారు. రాళ్లు, సీసాలు, టపాసులు విసిరారు. పోలీసుల వలయం బయట ఒంటరిగా దొరికినవారిని కొట్టారు. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, దాదాపు 55 వేల జనాభా ఉన్న కోర్ డెలేన్ పట్టణంలో 2022 జూన్ 11న పార్కులో ప్రైడ్ (స్వాభిమాన) ఉత్సవం జరుగుతుండగా, డాళ్లూ ముసుగులతో అద్దె ట్రక్కు వెనుక భాగంలో ఎక్కిన 31 మందిని పోలీసులు అక్కడికి చేరకముందే అరెస్టు చేశారు. వాళ్లు ట్రక్కులోకి ఎక్కుతుండగా చూసిన మామూలు పౌరుడొకరు పోలీసులకు ఫోను చేయడమే దానికి కారణం. మొదటి ఘటన వలయం బయటి వీధులను కనిపెట్టుకోవాలని చెబుతోంది. రెండోదాన్ని బట్టి మార్గం పొడుగునా ఉన్న టీ బంకువారినీ, ఆటో స్టాండువారినీ ముందే పలకరించి పెట్టుకోవడం ఎంత అవసరమో అర్థమవుతుంది. అన్యాయం కనబడితే 112కు ఫోను చేసే మనిషి మనకు ఎక్కడైనా ఉండవచ్చు, అతనికి మనమెవరమో తెలిసి ఉండాలి, అంతే.

వాలంటీర్లకు ఇవ్వవలసిన సూచన ఒక్కటే: ఎవరితోనూ వాదించరాదు. తిట్టినవాడికి జవాబు చెప్పడానికి వరుస ఆగితే, వెనుకవారు విడిపోతారు. ప్లకార్డులకు కర్రలు వాడకుండా అట్టలనే చేతులతో పట్టుకోవాలి, గొడవ జరిగితే ఆ కర్రే ఆయుధమని రాసుకుంటారు. జాతీయ జెండా మీద అక్షరాలు రాయడం 1971 నాటి చట్టం ప్రకారం అవమానం కిందికి వస్తుంది కాబట్టి త్రివర్ణానికీ ఇంద్రధనుస్సు జెండాకీ ముడిపెట్టకుండా వేటికవి పట్టుకోవాలి. అర్ధనారీశ్వరుని, బృహన్నలను, మోహినిని బొమ్మలుగా గీసి తేవాలని చాలామందికి ఉంటుంది. అందులో తప్పేమీ లేదనే నా అభిప్రాయం. అయినా మొదటి యాత్రలో దేవతల రూపాలను వాడకపోవడమే క్షేమం, ఎందుకంటే మతభావాలు దెబ్బతిన్నాయన్న ఒక్క ఫిర్యాదుతో మాట హక్కుల మీద నుంచి పక్కకు పోతుంది.

ఇక ఫొటోలు. ముఖం కనిపించడానికి ఇష్టపడనివారికి ఒక రంగు చేతిపట్టీ, అభ్యంతరం లేనివారికి ఇంకో రంగు పట్టీ ఇచ్చి, అభ్యంతరం లేనివారినే మీడియాకు ఎదురుగా నడిపించాలి. పట్టీ రంగుల అర్థాన్ని విలేకరులకు ముందురోజే చెప్పాలి. పత్రికలవారు చాలావరకు మాట నిలుపుకుంటారు, చిక్కంతా స్థానిక యూట్యూబ్ చానెళ్లతోనే. వీరిని తరిమేయడం కంటే, మాట్లాడటానికి సిద్ధంగా ఉన్న ఇద్దరు ప్రతినిధులను వారికి చూపించి, మైకు వారి ముందే పెట్టించడం నయం. ‘నువ్వు గేవా, మీ ఇంట్లో తెలుసా’ అని పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని కెమెరా ముందు అడిగే ప్రశ్న వల్ల ఎవరి చదువైనా ఆగిపోవచ్చు. మాస్కులు వేసుకొని నడవడానికి పోలీసులు ఒప్పుకోకపోవచ్చు, కాబట్టి ఆ మాట దరఖాస్తు సమయంలోనే తేల్చుకోవాలి. వద్దంటే రంగులు పూసుకోవడం, పెద్ద కళ్లజోళ్లు పెట్టుకోవడం ఉండనే ఉన్నాయి. నడుస్తున్నవారు కూడా లైవ్ పెట్టకూడదు. తీసిన ఫొటోను ఇంటికి వెళ్లాక, వెనుక నిలబడ్డ ముఖాలను చెరిపి పెట్టవచ్చు.

పేర్ల జాబితా మీద కూడా ఇంతే శ్రద్ధ కావాలి. మామూలు వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. కమ్యూనిటీ ప్రకటనల గ్రూపులో తోటి సభ్యుల నంబర్లు కనిపించవు, నిర్వాహకులకు మాత్రమే కనిపిస్తాయి. ఆన్‌లైన్ ఫారంలో అసలు పేరు, కాలేజీ, ఆధార్ అడగవద్దు. భోజనాల లెక్కకు పిలిచే పేరొకటి చాలు. పద్దెనిమిదేళ్లు నిండనివారిని వేదిక మీద ఆడించడం, వారి ఫొటోలు తీయడం ఏ పరిస్థితిలోనూ కూడదు. మన మీద వేయదలచిన నిందలన్నింటికీ అదే మొదటి ఆసరా అవుతుంది, పిల్లల భద్రత దృష్ట్యా చూసినా అదే సరైన పద్ధతి.

యాత్ర ముగిసే చోటికి దగ్గరలో బట్టలు మార్చుకోవడానికి రెండు గదులు, నీళ్లు, సబ్బు, కొబ్బరినూనె ఉండాలి. ఇది చిన్న విషయమనిపించవచ్చు గాని, చీర కట్టుకొని, కాటుక పెట్టుకొని నడిచిన పిల్లవాడు ఏడున్నరకు తన ఊరి ఆఖరి బస్సు ఎక్కాలి. సబ్బుతో పోని కాటుకను కొబ్బరినూనె తీస్తుంది. బస్టాండుకు ముగ్గురు నలుగురు కలిసి వెళ్లాలి, జెండాలూ పట్టీలూ అక్కడే వదిలి వెళ్లాలి. హిజ్రాలకు బట్టలు మార్చుకొని మరుగయ్యే అవకాశం లేదు. మర్నాడు అదే రోడ్డు మీద అవే కళ్ల ముందు తిరగాలి కాబట్టి, వారి గురువులను పిలిచి మార్గం, సమయం వారితోనే ఖాయం చేసుకోవాలి, చివరి నిమిషంలో ‘ముందు నడవండి’ అనడం అన్యాయం. వారిని కొట్టినా తిట్టినా ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం 2019లో చేసిన చట్టపు 18వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు శిక్ష పెట్టారు. ఫిర్యాదు రాయించుకొనేటప్పుడు ఆ సెక్షన్ పేరెత్తాలి.

యాత్ర వారంలో డేటింగ్ యాప్‌లలో కొత్త ముఖాలు ఎక్కువవుతాయి. గదికి పిలిచి, వీడియో తీసి, ఇంట్లో చెబుతామని డబ్బు గుంజే ముఠాలకు చిన్న నగరం అనువైన చోటు, ఎందుకంటే ఇక్కడ ‘మీ నాన్నకు చెబుతాను’ అన్న మాట నిజంగానే పనిచేస్తుంది. మొదటిసారి కలిసేది టిఫిన్ హోటల్లోనో పార్కులోనో జనం మధ్య ఉండాలి, ఎక్కడికి వెళ్తున్నదీ ఒక స్నేహితునికి తెలిసి ఉండాలి. ఒకసారి డబ్బు పంపితే మళ్లీ అడుగుతారు, అందుకే పంపకుండా సందేశాలను, యూపీఐ వివరాలను అలాగే దాచి, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోను చేయాలి. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. మోసపోయిన మనిషి గే అయినంత మాత్రాన ఆ నేరం తేలికవదు, అతని మీద పెట్టడానికి కేసూ లేదు. ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు, కాబట్టి తెలిసినవారున్న స్టేషనుకు వెళ్లడానికి జంకేవారు పక్క పట్టణానికి వెళ్లవచ్చు.

ఆఖరుది, యాత్ర తరువాత ఇంట్లో తెలిసిపోయినవారి సంగతి. నిర్వాహకులు ఒక న్యాయవాదిని, రెండు మూడు రాత్రులు తల దాచుకోవడానికి ఒక ఇంటిని ముందే సిద్ధం చేసుకోవాలి. భయం ఉన్నవారు తమ ధ్రువపత్రాల నకళ్లను, కొంత డబ్బును స్నేహితుల దగ్గర ఉంచుకోవాలి. ఎవరినైనా ఇంట్లో బంధిస్తే, ఆ మనిషిని కోర్టు ముందు హాజరుపరచాలని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్‌ను హైకోర్టులో వేయవచ్చు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, నర్సీపట్నంలో తండ్రి నిర్బంధించిన ఒక యువతిని విడిపించి, మేజరైన ఆమెకు తన సహచరితో కలిసి ఉండే హక్కు ఉందని చెప్పింది. ఉచిత న్యాయ సహాయానికి 15100, మనసు కుంగినప్పుడు టెలీ మానస్ 14416 నంబర్లను పట్టీల వెనుకనే అచ్చు వేయిస్తే వెతుక్కొనే పని ఉండదు. వచ్చినవారందరికీ మూడో రోజున ఒకసారి, పదో రోజున ఒకసారి ఫోను చేయాలి. ఇంట్లోవాళ్లు పక్కన ఉన్నప్పుడు ‘పుస్తకం తిరిగి ఇవ్వాలి’ వంటి ఒక మాటను ముందే అనుకొని ఉంటే, కష్టంలో ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. రెండో ఫోను అయ్యాక ఆ నంబర్ల జాబితాను చెరిపేయాలి.