ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, అయినా ఖాతా ఖాళీ: సమస్య - పరిష్కారం

దర్శిలో మా ఫోన్ రిపేరు కొట్టుకు వారానికొకరైనా ఈ మాటతోనే వస్తారు: "నేనెవరికీ ఓటీపీ చెప్పలేదన్నా!" చెప్పలేదన్నది నిజమే. నేనడిగేది వేరు: వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు, అంటే నొక్కితే యాప్ దించే ఫైలు, ఏదైనా నొక్కావా? లేదంటారు. డౌన్‌లోడ్స్ తెరిచి ముందు పెడితే, "అది మా బావమరిది పంపిన పెళ్ళిపత్రిక కదన్నా" అంటారు. పెళ్ళిపత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఇన్‌స్టాల్ చేసుకోమని అడగదు.

లక్షణాలు: బ్యాంకు మెసేజ్‌లు ఆగిపోతాయి, లేదా వచ్చి మాయమవుతాయి. మీరు పంపని ఎస్సెమ్మెస్‌లకు బ్యాలెన్సు తరుగుతుంది. అదే ఫైలు మీ నంబరు నుంచి ఊరి గ్రూపులకు పోతుంది.

కారణం: దొంగ యాప్. ఒకరోజు చలానా పేరు, ఇంకోరోజు పీఎం కిసాన్ పేరు. రైతులకు డబ్బు సాయం చేసే అన్నదాత సుఖీభవ పథకం 2025 ఆగస్టు 2న మా దర్శి దగ్గర తూర్పు వీరాయపాలెంలోనే మొదలైంది. రాష్ట్రానివి 5 వేలు, పీఎం కిసాన్ కింద కేంద్రానివి 2 వేలు నేరుగా ఖాతాల్లో పడ్డాయి. అందుకోసం ఎవరన్నా వాట్సాప్‌లో వచ్చిన యాప్ వేసుకున్నారా? అయినా నొక్కుతారు, ఎందుకంటే పంపింది తెలిసిన నంబరు. ఆ తెలిసినవాడి ఫోను అంతకుముందే దొంగ చేతికి పోయుంటుంది.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక మిరప రైతు ఫోన్లో కనపడ్డ దొంగ యాప్ తీసేసి, "అయిపోయింది పెద్దాయనా, పిన్ను మార్చుకో" అని పంపేశాను. మర్నాడు ఇంకో 18 వేలు పోయాయి. నేను తీసింది పైతొడుగే. దాన్ని తెరిస్తే "అప్‌డేట్ చేయండి" అంటుంది, నొక్కితే రెండో యాప్ దిగుతుంది. దానికి తెరమీద ఐకాన్ బొమ్మే ఉండదు. ఎస్సెమ్మెస్‌లు చదివి అవతలికి పంపేది అదే. అది లోపల ఉండగా పాస్‌వర్డు మారిస్తే, మార్చడానికి వచ్చిన ఓటీపీ కూడా దొంగకు చేరుతుంది. అంటే తాళం మార్చి కొత్త చెవి వాడి చేతికే ఇచ్చినట్టు.

అందుకని వరస తప్పొద్దు. ముందు ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, ఆ వెంటనే బ్యాంకుకు చెప్పండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. తప్పు మనదే కదా అని సిగ్గుపడి ఆగేవాళ్ళున్నారు. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం తప్పు మనదైనా, బ్యాంకుకు చెప్పాక జరిగే నష్టం బ్యాంకుది. చెప్పిన టైము కోసమే ఆ తొందర.

ఇక ఫోన్ సంగతి. సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్, అందులో ఎస్సెమ్మెస్ తెరవండి. నూటికి తొంభై మంది వదిలేసేది ఈ ఒక్క చోటే. అక్కడ మీరెరగని పేరుంటే ముందు ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి, పోలీసులకు పనికొస్తుంది. తర్వాత తీసేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కనీయకపోతే సెట్టింగ్స్‌లోనే డివైస్ అడ్మిన్ యాప్స్‌లో దాని టిక్కు తీసి, అప్పటికీ కాకపోతే బయటి యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లో తీయాలి. ఏమాత్రం అనుమానం మిగిలినా ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అంటే ఫోన్లో అన్నీ చెరిపేయడం. ఫొటోలు మాత్రం దాచుకోండి, డౌన్‌లోడ్స్ ఫోల్డరంతా కాపీ చేసుకుంటే రోగాన్నీ వెంట తెచ్చుకున్నట్టే. పిన్నులు, పాస్‌వర్డులు ఆ తర్వాతే. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ కూడా చూసి, మీవి కానివి లాగౌట్ చేయండి.

వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సేసుకుని "డిజిటల్ అరెస్ట్" అనేవాడు ఫోన్ రోగం కాదు. అట్టాంటి అరెస్టు చట్టంలోనే లేదు, కట్ చేయండి. డబ్బు వస్తుందని యూపీఐ పిన్ను కొట్టమన్నా అంతే, రావడానికి పిన్నెందుకు? ఫోన్లో సిగ్నల్ పూర్తిగా పోయి గంటలు దాటితే సిమ్ మార్పిడి, అంటే మీ నంబరుతో దొంగ ఇంకో సిమ్ తీసుకోవడం, కావచ్చు, కంపెనీ వాళ్ళ స్టోరుకు వెళ్ళండి.

ఆ ఫైలు పంపిన బావమరిదికి కూడా చెప్పాలి. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టొద్దు, అవతల చదివేది ఆయనో దొంగో మనకు తెలీదు. మామూలు కాల్ చేసి, ఫోన్ పట్టుకుని కొట్టుకు రమ్మనండి.