అలీబాగ్ కులాబా కోటకి నడిచి వెళ్ళాలంటే ముందు పంచాంగం తియ్యండి

మేం మొదటిసారి వెళ్ళింది పున్నమి నాడు. అదీ ఆదివారం, పదకొండున్నర వేళ. "సముద్రంలో కోట, నడిచి వెళ్ళొచ్చట" అని మా అక్క ఫోన్లో అంటే నమ్మి, పిల్లల్నీ, పులిహోర డబ్బానీ మోసుకుని అలీబాగ్ ఒడ్డున దిగాం. కోట కనిపిస్తోంది, దారే లేదు. మధ్యలో అంతా నీళ్ళు. పడవల దగ్గర క్యూ బీచ్ సగానికి ఉంది. పులిహోర ఇసకలో కూర్చుని తినేసి పన్వేల్ బస్సెక్కేశాం.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు నవ్వారు. ఆవిడ పుట్టిల్లు పూసపాటిరేగ దగ్గర చింతపల్లి, సముద్రం పక్కనే. "ఏటమ్మా, తిథి సూడకుండా సముద్రం కాడికి ఎల్తారా ఎవులైనా?" అన్నారు. రెండోసారి ఆవిడే మాతో బయల్దేరారు. ఇక్కడ రాసేదంతా ఆ రెండో ప్రయాణంలో తెలిసిందే.

ముందు ఒక పొరపాటు సర్దుకోండి. ముంబై ఊళ్ళోనే కొలాబా అని ఒక పేట ఉంది, ఈ కోట అక్కడ లేదు. ఇది రాయగఢ్ జిల్లా అలీబాగ్‌లో, ముంబైకి దక్షిణంగా ఉంది. ట్యాక్సీ అతనికి కోట పేరు కాకుండా ఊరి పేరు చెప్పండి.

మన విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ల నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఒకటిన్నర రోజు ప్రయాణం అనుకుని తిండి కట్టుకోండి. ముంబైలో దిగితే గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి మాండ్వాకి గంట లోపు పడవ, అక్కణ్ణుంచి అలీబాగ్‌కి బస్సు. టికెట్టు కొనేటప్పుడే అందులో బస్సు కూడా కలిసి ఉందా అని అడగండి, చాలావాటిలో ఉంటుంది. వానాకాలంలో ఆ పడవలు ఆపేస్తారు. మాలాగ పన్వేల్‌లో చుట్టాలుంటే పెణ్ మీదుగా బస్సుంది. కానీ శని, ఆదివారాల్లో ఆ రోడ్డు జోలికి పోవద్దు. ముంబై జనమంతా అదే రోడ్డు మీద ఉంటారు.

ఇక అసలు సంగతి, పోటూ ఆటూ, అంటే సముద్రంలో నీరు ఎక్కడమూ తీయడమూ. మన తీరంలో పున్నమికైనా నీరు ఎక్కేదీ దిగేదీ కలిపి మీటరున్నర లోపే. అందుకే మనం పెద్దగా పట్టించుకోం. పడమటి తీరంలో సముద్రం అడుగు చాలా దూరం దాకా లోతు లేకుండా పరుచుకుని ఉంటుంది. దాంతో వచ్చే నీరు అక్కడ బాగా పొంగుతుంది. ముంబై వైపు పెద్ద పోటు రోజుల్లో ఆ తేడా నాలుగు మీటర్లు కూడా దాటుతుంది. మొన్న మేం నడిచిన దారి మీదే మధ్యాహ్నానికి పడవలు తిరుగుతుంటాయి.

లెక్క ఇదీ. అక్కడ పున్నమి, అమావాస్య రోజుల్లో పోటు మధ్యాహ్నం పన్నెండుకి కాస్త అటూఇటూగా వస్తుంది. అంటే నీరు బాగా తీసేది పొద్దున్న ఆరు ప్రాంతంలో, మళ్ళీ సాయంత్రం ఆరు ప్రాంతంలో. ఆ తర్వాత రోజు రోజుకీ ముప్పావు గంట చొప్పున ఆలస్యమవుతుంది. విదియ నుంచి చవితి దాకా పొద్దుటి ఆటు సుమారు ఏడుకీ తొమ్మిదికీ మధ్య పడుతుంది. వెళ్ళాల్సింది ఆ రోజుల్లోనే. ఎండ ఉండదు, నీరూ బాగా తీస్తుంది. అష్టమి వైపు ఆటు మధ్యాహ్నానికి వస్తుంది కదా, తీరిగ్గా లేచి వెళ్దాం అనుకుంటారేమో. అప్పుడు నీరు సగమే తీస్తుంది, మోకాళ్ళ దాకా తడవాల్సిందే. ఈ లెక్కతో తేదీ ఎంచుకోండి, కచ్చితమైన టైము మాత్రం ఫోన్లో అలీబాగ్ పేరుతో పోటు పట్టిక చూసుకుని ఖాయం చేసుకోండి. చింతపల్లిలో మా అత్తగారి పుట్టింటి వాళ్ళ గంటలు ఇక్కడ సరిపోవు. తిథి ఒకటే గానీ, ఏ తీరం గడియారం ఆ తీరానిదే.

ముందు రాత్రి అలీబాగ్‌లోనే పడుకోవాలి, పన్వేల్ నుంచి తెల్లారి లేచి రావడం జరిగే పని కాదు. ఆటుకి గంట ముందు ఇసకలో కాలు పెట్టండి, ఆటు దాటాక గంటకల్లా ఒడ్డున ఉండేలా చూసుకోండి. మేం మాఘ బహుళ చవితి నాడు ఏడున్నరకి బయల్దేరాం. కిలోమీటరుకి పైనే నడక. ఇసక గట్టిగా, అలల అచ్చులు పడి, పిండి వడియాలు ఆరబెట్టిన చాపలా ఉంటుంది. దాని మీద ఎవరైనా నడిచేస్తారు. కోట దగ్గరపడ్డాక రాళ్ళు మొదలవుతాయి, జాగ్రత్త అక్కడ కావాలి. వాటికి పాచి, గవ్వలు అతుక్కుని ఉంటాయి. హవాయి చెప్పులైతే జారతారు, ఉత్త కాళ్ళైతే కోసుకుపోతాయి. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. నడవలేనివాళ్ళకి గుర్రబ్బళ్ళు ఉన్నాయి. రానూ పోనూ కలిపి బేరం ఆడుకుని ఎక్కండి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు నీరు ఎక్కుతోందని రేటూ ఎక్కుతుంది.

లోపలికి వెళ్ళేముందు గోడ దగ్గర ఒక నిమిషం ఆగండి. పెద్ద పెద్ద రాళ్ళు, మధ్యలో సున్నం లేదు. ఒకదాని మీద ఒకటి పేర్చారంతే. ఒకచోట రాయికీ రాయికీ మధ్య నా చెయ్యి మణికట్టు దాకా దూరింది. లోపల చల్లగా, తడిగా ఉంది, ఏదో పురుగు వేళ్ళ మీంచి పాకితే చటుక్కున లాగేశాను. అల వచ్చి కొడితే నీరు ఆ సందుల్లోకి పోయి విరిగిపోతుంది, గోడ మీద దెబ్బ అంతగా పడదు. మూడొందల నలభై ఏళ్ళుగా ఆ గోడలు అలాగే నిలబడి ఉన్నాయి. మా ఇంటి ప్రహరీకి సిమెంటు పోసి నాలుగేళ్ళు కాలేదు, అప్పుడే బీటలు.

1680లో శివాజీ ఈ కోట కట్టించడం మొదలుపెట్టాడు, అదే ఏడు ఆయన పోయాడు. మరుసటి ఏడు ఆయన కొడుకు శంభాజీ పూర్తి చేశాడు. తర్వాత ఇది మరాఠాల నౌకాదళ నాయకుడు కాన్హోజీ ఆంగ్రేకి దక్కింది. సుమారుగా అవే రోజుల్లో, 1713లో, మా విజయనగరం కోటకి పునాది పడింది. మన రాజులు ఊరి మధ్య కోట కట్టి చుట్టూ కందకం తవ్వించుకున్నారు, ఆంగ్రేకి సముద్రమే కందకం. 1721లో ఇంగ్లీషువాళ్ళూ, పోర్చుగీసువాళ్ళూ కలిసి వచ్చి కూడా దీన్ని పట్టుకోలేక వెళ్ళిపోయారు.

ద్వారం మీద ఏనుగులు, పులులు, నెమళ్ళ చెక్కడాలు ఉన్నాయి. పిల్లల్ని లెక్కపెట్టమంటే కాసేపు గోల ఉండదు. లోపల ఆంగ్రేల వాడా, అంటే వాళ్ళ పెద్ద భవంతి, పునాదులు తప్ప పెద్దగా మిగల్లేదు. సిద్ధివినాయకుడి గుడి మాత్రం చక్కగా ఉంది, 1759లో రాఘోజీ ఆంగ్రే కట్టించింది. గణపతి చుట్టూ శివుడు, విష్ణువు, సూర్యుడు, అమ్మవారు, పంచాయతనం. దగ్గర్లోనే ఒక దర్గా కూడా ఉంది. ఉత్తరపు గోడ వైపు చక్రాల బండ్ల మీద రెండు ఇనప ఫిరంగులు ఉన్నాయి, ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పోతపోసినవి. ఫొటోలకి అందరూ వాటి మీదకే ఎక్కుతారు.

మా అత్తగారికి ఫిరంగుల గొడవ పట్టలేదు. మంచినీళ్ళ బావి ఉందని విని నేరుగా అక్కడికే నడిచారు. చేదలో నీళ్ళు రాగానే వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు. "ఉప్పు లేదే!" అని నావైపు చూశారు. మళ్ళీ ముంచి మళ్ళీ చూశారు. చుట్టూ ఉప్పు సముద్రం పెట్టుకుని తియ్యటి నీళ్ళు ఎలా పడ్డాయన్నది ఆవిడకి రైల్లో పుణె దాకా సరిపోయిన కబురు.

వెనక్కి వచ్చేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. నీరు ఎదురుగా అలలా వస్తుందని చూస్తూ కూర్చోకండి. మీరు ముందుకు చూస్తుంటే అది రెండు పక్కల నుంచీ పల్లాల్లోకి, పిల్లకాలవల్లా చప్పుడు లేకుండా చేరుతుంది. కోటకి వెళ్ళేటప్పుడు పొడిగా ఉన్న చోట తిరిగొచ్చేటప్పుడు నీరు చీలమండ దాకా ఉంటుంది. ఫోన్లో టైము ఎంత ఉన్నా సరే, గుర్రబ్బళ్ళవాళ్ళు బళ్ళు తిప్పుతున్నారంటే మీరూ లేవండి. మేం ఫొటోల దగ్గర పది నిమిషాలు ఆలస్యం చేసి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచాం.

ఓపిక ఉంటే మర్నాడు మురుద్ వెళ్ళండి, బస్సులో రెండు గంటలు. అక్కడ రాజాపురి రేవు నుంచి తెరచాప పడవలో జంజీరా కోటకి తీసుకెళ్తారు. అది ఆఫ్రికా మూలాలున్న సిద్దీ పాలకులది, మరాఠాలు ఎంత ప్రయత్నించినా చేతికి చిక్కలేదు. కోటగా కులాబా కంటే చాలా పెద్దది. కానీ దానికి నడక దారి లేదు, మేం వెళ్ళినప్పుడు అలల మీద ఊగుతున్న పడవలోంచి మెట్ల మీదకి దిగాల్సొచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళొద్దు. మేం అత్తగారిని అలీబాగ్‌లోనే అక్కకి అప్పజెప్పి వెళ్ళాం.

భోజనంలో కొబ్బరిపాలలో కోకమ్ వేసిన గులాబీ రంగు సోల్‌కఢీ ఇస్తారు. మా ఆయనకి నచ్చింది. అత్తగారు "పోపు లేని సారు" అని పక్కన పెట్టేశారు. ఆవిడకి నచ్చింది అలీబాగ్ తెల్ల ఉల్లిపాయలు. ఆకులతో సహా జడల్లా అల్లి రోడ్డు పక్కన అమ్ముతారు, ఘాటు తక్కువ, పచ్చివే తినేయొచ్చు. రెండు జడలు కొని, రైల్లో బెర్తు పక్కన కొక్కేనికి తగిలించారు. విజయనగరం వచ్చేదాకా ఆ పెట్టెలో ఎక్కిన ప్రతివాడూ ఏ ఊరు ఉల్లిపాయలని అడుగుతూనే ఉన్నాడు.